మంచె రేటు

లీలామహల్ సర్కిల్ దాటినాక
రెండో అంతస్తులో మా ఆఫీసు.
కింద, గుండు చేయించుకున్నోళ్ళకు టోపీలమ్మే కొట్టు.
పైన మేము ఆఫ్రికా అమ్ముతాం.

శనివారం మధ్యాహ్నం
ఎముకల డాక్టరు హైమవతి గారు వచ్చారు,
వెనకే మత్తు డాక్టరు, ఆమె భర్త,
ఇరవై రెండేళ్ళ కాపురంలో
మొదటిసారి దొరికిన పదిరోజుల సెలవును
పగిలే వస్తువులా పట్టుకుని.

పట్టుచీరలు పరిచినట్టు
మూడు బ్రోచర్లు పరిచాను.
ఒకటి నది ఒడ్డున గుడారం.
గుడారమంటే గుడారం కాదండీ,
లోపల ఇత్తడి తొట్టి,
తొట్టిలో పడుకుని చూస్తే నీటిగుర్రాలు.
ఇంకోటి కొండమీద రాతి బంగళా,
గదికో వంటవాడు,
ఉప్పు తక్కువంటే పరిగెత్తుకొచ్చేవాడు.
చివరిది చెట్టుమీద గది.
నాలుగు గుంజలు, పైన గడ్డి కప్పు,
నిచ్చెనెక్కి పోవాలి.
రాత్రికి లక్షా పదివేలు,
టిఫిను అందులోనే.

ఇది చెప్పేటప్పుడు
నా గొంతు ప్రతిసారీ కొంచెం జారుతుంది.

"ఏనుగులు కనపడతాయని గ్యారంటీ ఉందా?"
అద్దాలు తుడుచుకుంటూ అడిగారు సారు.

గ్యారంటీ.
పలమనేరు అవతల, కౌండిన్య అడవి అంచున
మా ఊళ్ళో ఆ మాట ఎవరూ అడగరు.
పాలుపోసుకున్న రాగికంకి వాసన
గాల్లో కలిస్తే చాలు,
అడ్వాన్సు కట్టకుండానే వస్తాయి.
సోలార్ కంచెమీదికి ఎండుమానొకటి తోసి,
కందకం గట్టు కాలితో దించి,
పదకొండు. ఒకసారి పదమూడు.
తల్లి కాళ్ళ మధ్య ఒక పిల్లది,
టమోటా నారును తొక్కకుండా నడవాలని
చూసినట్టే అనిపించింది నాకు.
చెంగల్రాయ మామ మంచెమీద నిలబడి
నూనెడబ్బా వాయించినాడు తెల్లారేదాకా.
ఆ ఏడు వచ్చిన నష్టపరిహారంతో
ఆ చెట్టుగదిలో
ఒక పూట పడుకోవచ్చేమో,
దుప్పటి కప్పుకోకుండా.

ఇదంతా నేను చెప్పలేదు.
"తొంభై శాతం సార్" అన్నాను.

హైమవతి గారు బ్రోచరు పక్కనపెట్టి
"నువ్వయితే ఏది తీసుకుంటావు మునిశేఖర్?" అన్నారు.
ఆరేళ్ళ నౌకరీలో
ఎవరూ అడగలేదు నన్నీ మాట.

"నీళ్ళకు మరీ దగ్గర వద్దు మేడం.
తాగేకాడ మనిషి వాసన వాటికి గిట్టదు.
గాలి ఎటు నుంచి ఎటు కొడుతుందో అడగండి.
రాత్రి నిచ్చెన పైకి లాక్కోవచ్చా అడగండి.
సెంటు వద్దు. టార్చి కళ్ళలోకి వద్దు.
కొమ్మ విరిగే ముందు ఒక చప్పుడొస్తుంది,
చెవికి కాదు,
పలకల్లోంచి వీపుకు తెలుస్తుంది.
అప్పుడు ఊపిరి కూడా మెల్లగా..."

నా చెయ్యి టేబుల్ మీద పరుచుకుని ఉంది,
పలక తడుముతున్నట్టు.
తీసేసుకున్నాను.

"ఎన్నిసార్లు పోయొచ్చావు ఆఫ్రికాకి?"
"పోలేదు మేడం. పాస్‌పోర్టు లేదు."
సారు నవ్వబోయి ఆగిపోయారు.
చెట్టుగదే రాసుకున్నారు, నాలుగు రాత్రులు.

షట్టరు దించి, మెట్లమీద కూర్చుని ఫోన్ చేసినా.
"మామా, ఈపొద్దు ఒక మంచె అమ్మినా.
రాత్రికి లక్షా పదివేలు."
"మన మంచేనా?"
"దానికి అక్కలాంటిది."
"దుప్పటి ఇస్తారంటనా?"
"ఇస్తారు. పరుపులో వేణ్ణీళ్ళ సంచి కూడా పెడతారు,
కాళ్ళకు చలెయ్యకుండా."

అవతల చానాసేపు మాటలేదు.
కీచురాళ్ళు. ఎవరో దగ్గు ఆపుకున్నట్టు.
"వేణ్ణీళ్ళ సంచి" అన్నాడు మామ,
నాలిక మీద పెట్టుకుని చూసినట్టు.

మళ్ళీ, గొంతు బాగా తగ్గించి,
"పెట్టేయ్‌రా.
పలకలు వణకతాండాయి."